గాలి దక్షిణానికి, నీరు ఉత్తరానికి

సోమవారం, సాయంత్రం

అన్నయ్య పడవ నుంచి నిన్న పొద్దుగూకే వేళ చివరి కబురు. ఇంజిన్ ఆగిపోయింది, సరుకు గదిలోకి నీళ్ళు వస్తున్నాయి, పంపు నడుస్తోంది, కంగారేం లేదు. "కంగారేం లేదు" అని రెండుసార్లు అన్నాడట. మా అన్నయ్య ఏ మాటైనా రెండుసార్లు అన్నాడంటే అది నిజం కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత రేడియో మూగబోయింది.

పడవలో ఇద్దరే. అన్నయ్య, ఇంజిన్ మేస్త్రీ. దీవులకు సిమెంటు బస్తాలు తీసుకెళ్తున్నారు.

ఇలా చిక్కుకున్న పడవ నీళ్ళలో ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టి, వెతికేవాళ్ళకు చెప్పడం మా ఆఫీసు పని. నా పని. పొద్దున బ్యాగు కింద పెట్టకముందే పెద్దసారు గదిలోకి పిలిచారు.

"చూడమ్మా, ఈ కేసు నువ్వు చూడకూడదు. సొంతవాళ్ళు పడవలో ఉన్నప్పుడు..."

"రూలు తెలుసండీ."

"తెలుసని నాకూ తెలుసు. అయినా నోటితో చెప్పాలి కదా."

చెప్పారు. మంచి రూలే. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని. నా బల్ల దగ్గర లెక్కలాయన కూర్చున్నాడు. ఆఫీసులో అతనంటే అందరికీ గురి. కాలిక్యులేటర్ అయినా తడబడొచ్చు గానీ అతను తడబడడంటారు. నా కుర్చీ ఎత్తు తగ్గించుకుంటూ, నా మొహంలోకి చూడకుండా, "నేను చూసుకుంటాను మేడమ్" అన్నాడు. థాంక్స్ చెప్పాను.

మధ్యాహ్నానికి అతని లెక్క తేలింది. పడవ దక్షిణానికి పోతోందట. రెండు విమానాలు అటే బయల్దేరాయి.

దక్షిణాన ఏముంది? నీళ్ళు. నీళ్ళ తర్వాత నీళ్ళు. దీవి లేదు, ఓడల దారి లేదు.

నిబ్బరంగానే ఉన్నాను.

మంగళవారం

వదిన సంచితో దిగింది. పళ్ళ డాక్టరు. క్లినిక్‌కి తాళం వేసి వచ్చేసింది.

"ఈ చేతులతో ఇవాళ పళ్ళు పీకితే, నొప్పి ఉన్నది వదిలేసి పక్కది పీకేస్తానేమోనని భయమేసింది" అంది. చెప్పులు విప్పుతూనే, "ఎటు పోతున్నాడు మీ అన్న?"

మావాళ్ళు దక్షిణమంటున్నారని చెప్పాను.

"మీవాళ్ళ సంగతి ఎవరడిగారు? నువ్వేమంటున్నావు?"

"నన్ను ఆ కేసు చూడొద్దన్నారు వదినా."

"కుర్చీలో కూర్చోవద్దన్నారు. బుర్ర కూడా అక్కడే పెట్టి వచ్చావా?"

ఆవిడే వంటింట్లోకి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించింది. "నాకు అర్థమయ్యేలా చెప్పు. అసలు నీళ్ళను తోసేదెవరు? పెళ్ళైన దగ్గర్నుంచీ మీ అన్నాచెల్లెళ్ళు ప్రవాహం ప్రవాహం అని కొట్టుకుంటుంటే వింటూనే ఉన్నా, ఒక్క ముక్క ఎక్కలేదు."

వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోశాను. మిరియాల పొడి చల్లి ఒక పక్క నుంచి ఊదాను. పొడి అవతలి అంచుదాకా పోయి, అంచు తగిలి, రెండు పాయలుగా చీలి, పళ్ళెం గోడల వెంబడి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

"ఇంతేనా? ఊదితే సముద్రం కదులుతుందా?"

"నెలల తరబడి ఒకే వైపు ఊదితే కదులుతుంది. ఎదురుగా ఖండం వస్తే పక్కకు తిరుగుతుంది. అలా తిరిగి తిరిగి పెద్ద చక్రమవుతుంది. ఒక్కో మహాసముద్రంలో అలాంటి చక్రాలున్నాయి. వేడి దేశాల దగ్గర కాగిన నీళ్ళను చలి దేశాలకు మోసుకెళ్ళేది అవే."

పళ్ళెం నెమ్మదిగా తిప్పుతూ మళ్ళీ ఊదాను. పొడి దారి వంగింది. కింద భూమి తిరుగుతోంది కాబట్టి నీరు తిన్నగా పోలేదు. భూగోళం పై సగంలో కుడికి ఒరుగుతుంది, కింది సగంలో ఎడమకి.

"తిన్నగా పోకపోవడం మీ వంశంలోనే ఉందనుకున్నా" అంది వదిన.

ఆ మాటకి ఇద్దరం కాస్త నవ్వాం. నవ్వినందుకు ఇద్దరం తలలు దించుకున్నాం.

ఆవిడ సంచిలో పళ్ళ పాచి ఎక్కడుందో చూపించే గులాబీ రంగు సీసా ఉంది. ఫ్రీజర్లోంచి తీసిన మంచుముక్కకు ఆ రంగు పూసి గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో వేశాను. ముక్క పైన తేలింది. దాని నుంచి గులాబీ దారాలు తిన్నగా అడుక్కి దిగాయి. చల్లని నీరు బరువు. ధ్రువాల దగ్గర నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది, మిగిలిన నీరు ఇంకా బరువెక్కి అడుక్కి మునుగుతుంది. అక్కణ్ణుంచి సముద్రాల అడుగునే పాక్కుంటూ భూగోళమంతా చుట్టి వస్తుంది.

"పైకి రాదా?"

"వస్తుంది."

"ఎప్పటికి?"

"వెయ్యేళ్ళు పట్టొచ్చు."

అనకుండా ఉండాల్సింది. వదిన ఆ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పారబోసి, దాన్ని తోమి, తుడిచి, మళ్ళీ తోమింది.

మంగళవారమే, మధ్యాహ్నం

రూలు ప్రకారం నేను ఈ కేసు ముట్టుకోకూడదు. సముద్రంలో తేలుతూ తమ చోటు చెప్పే బోయాల కదలిక మాత్రం అందరికీ తెరిచి పెట్టిందే, బడిపిల్లలు కూడా చూస్తారు. చూడటం ముట్టుకోవడం కాదు.

చూశాను.

లెక్కలాయన దక్షిణం అన్నది ఒకే ఒక్క బోయా మాట విని. చుట్టుపక్కల ఉన్నది అదొక్కటే. ఇక్కడ గాలి వారం క్రితమే దిశ మార్చుకుని దక్షిణానికి వీస్తోంది. బోయా కూడా దక్షిణానికే పోతోంది. కాబట్టి ప్రవాహమూ దక్షిణానికే తిరిగిందని అతని నమ్మకం.

నాకు నమ్మకం కుదరడం లేదు. ఉపగ్రహం కొలిచిన సముద్ర మట్టం చూశాను. అంతకు ముందు నెలలన్నీ వీచిన గాలి పోగేసిన నీటిగుట్ట ఇంకా నడి సముద్రంలో అలాగే ఉంది. చూపుకు ఆనని గుట్ట, మోకాలి ఎత్తుంటే గొప్ప. దాని మీది నీరు పల్లానికి జారబోతుంది, భూభ్రమణం జారనివ్వదు. దాంతో గుట్ట చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతుంది. మన వైపు ఆ తిరుగుడు ఉత్తరానికి. గాలి మారినంత మాత్రాన నీరు వారంలో మారదు. నీరు పాత గాలిని అంత తేలిగ్గా మరిచిపోదు.

సిమెంటు తడిసిన పడవ అంచుల దాకా మునిగి ఉంటుంది. గాలికి పట్టు దొరకదు. అది నీటి మాటే వింటుంది.

అయితే ఉత్తరం.

ఉత్తరాన దీవులున్నాయి. ఓడల దారి ఉంది. ఉత్తరమైతే అన్నయ్య బతికుంటాడు. అందుకే నాకు ఉత్తరం కనబడుతోందా? ఇదే లెక్క, పరాయి పడవైతే, ఇలాగే తేలేదా?

తెలీదు.

బుధవారం

బోయా లాగు ఊడిపోయిందని నా అనుమానం.

ఇది ఆఫీసులో పొద్దునే అన్నాను, క్యాంటీన్లో, లెక్కలాయన ఎదురుగా కూర్చుని. బోయా అంటే నీళ్ళ మీద తేలే బంతి. గాలికి కొట్టుకుపోకుండా కింద పొడవాటి గుడ్డ గొట్టం వేలాడుతుంది, నాలుగంతస్తుల లోతున. మేమందరం దాన్ని లాగు అంటాం. లాగు ఉన్నంత కాలం బోయా ప్రవాహంతో పోతుంది. అలలకు కుట్లు తెగి లాగు ఊడిందంటే గాలి ఎటు తోస్తే అటు.

"లాగు ఉందని బోయాయే చెబుతోంది మేడమ్. సెన్సర్ చూడండి."

"సెన్సర్ ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఆ బోయా వేగం చూడండి. గాలి విసురు పెరిగినప్పుడల్లా పెరుగుతోంది, తగ్గినప్పుడల్లా తగ్గుతోంది. నాలుగంతస్తుల లోతు నీటికి ఇంత హడావుడి ఉంటుందా?"

అతను టీ కప్పును బల్ల మీద గుండ్రంగా తిప్పాడు. "వేరే ఎవరి పడవైనా అయితే ఈ మాట అనేవారా?"

ఆ ప్రశ్న నేను నన్ను అడుక్కున్నదే. అతని నోట వినేసరికి ఒళ్ళు మండింది.

"అనేదాన్ని."

"అంత గట్టిగా చెబుతున్నారంటేనే నాకు అనుమానం. మీరెప్పుడూ ఇంత గట్టిగా ఏదీ చెప్పరు మేడమ్. రిపోర్టు రాస్తే పేజీకి పది 'బహుశా'లు ఉంటాయి మీవి."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అదీ నిజమే. ఎమ్మెస్సీలో మా గైడు కూడా అదే అనేవారు, నువ్వు సముద్రాన్ని కూడా "ఉండవచ్చును" అంటావని.

లేచి పెద్దసారు గదికి వెళ్ళాను. లెక్కలాయన కూడా వెనకే వచ్చాడు. సారు ఇద్దర్నీ చూసి తల పట్టుకున్నారు.

"ఉన్నవే రెండు విమానాలమ్మా. నువ్వు చెప్పావని అటు పంపి, తీరా అతని లెక్కే కరెక్టైతే? నిన్ను నమ్మలేకపోవడం కాదు. నువ్వు చెల్లెలివి."

అప్పుడు నాకు దారి దొరికింది. నేను చెల్లెలినైనా కాకపోయినా ఫలితం మారని దారి.

"రేపు మధ్యాహ్నం గాలి పడిపోతుందని వాతావరణం వాళ్ళు చెబుతున్నారు కదండీ. బోయాకి లాగు ఉందనుకోండి, గాలి పడినా అది దక్షిణానికే పోతుంది. ఊడిందనుకోండి, అక్కడే ఆగుతుంది. ఆగి, వెనక్కి తిరుగుతుంది, ఉత్తరానికి. తిరగకపోతే నేను మళ్ళీ నోరెత్తను."

సారు లెక్కలాయన వైపు చూశారు.

"న్యాయంగానే ఉంది" అన్నాడు అతను. గుమ్మం దాటాక నా పక్కన నడుస్తూ, "తిరగాలనే నేనూ కోరుకుంటాను మేడమ్. కానీ కోరుకుని లెక్క వెయ్యలేను కదా" అన్నాడు.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. "అంటే రేపు మధ్యాహ్నం దాకా వాణ్ణి దక్షిణానే వెతుకుతారా?"

"అవును."

"లాగు ఊడిన బోయాని నమ్ముకుని."

"అవును వదినా."

"మీ ఆఫీసులో ఎవరికీ సిగ్గు లేదా?" అని, వెంటనే నోరు మూసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. తిట్టడానికి ఆవిడకింకెవరున్నారు.

గురువారం, పొద్దున

గాలి ఇంకా ఉంది. కిటికీ తలుపు కొట్టుకుంటోంది. పడిపోవాలని ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు.

ఒకవేళ తిరగకపోతే? మాటిచ్చాను. నోరెత్తను. నోరెత్తకుండా ఉండగలనా? ఉంటాను. ఉండాలి.

గురువారం, సాయంత్రం

బోయా గంటకోసారి తన చోటు చెబుతుంది. గోడ మీది పెద్ద తెర ముందు అందరూ పోగయ్యారు. రూలు ప్రకారం నేను లోపలికి రాకూడదు; గుమ్మం అవతలే నిలబడ్డాను. పెద్దసారు చూసి, తలుపు బార్లా తెరిచి దానికి కుర్చీ అడ్డం పెట్టారు.

మధ్యాహ్నానికి గాలి పడింది. తర్వాతి చుక్క దక్షిణానే పడింది. ఆ తర్వాతి చుక్కా దక్షిణమే, కాకపోతే దగ్గరగా. లెక్కలాయన స్కేలు తీసి కొలిచాడు. "ఆగుతోంది" అన్నాడు. గంటకి మరో చుక్క. దాదాపు పాత చుక్క మీదే.

"ఆగినంత మాత్రాన..." అని ఎవరో అనబోతే, "ఉండవయ్యా" అని కసిరాడు అతనే.

ఇంకో చుక్క పడింది. ఉత్తరాన. కొద్దిగానే, కానీ ఉత్తరాన.

లెక్కలాయన తెర వైపు చూస్తూనే, "ఊడింది సార్ లాగు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గురి పెట్టిన మనిషి గురి తప్పిందని ఒప్పుకుంటే ఎలా ఉంటుందో అతని మెడ వెనక చెమటలో కనిపించింది. పెద్దసారు అప్పటికే ఫోనులో ఉన్నారు, వెతుకులాట నడిపే కమాండర్‌తో. "ఉత్తరానికండీ. అవును, ఉత్తరం. రెండూ. రెండు విమానాలూ."

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడవలేదు. ఏడ్చాననుకుని లెక్కలాయన నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

శుక్రవారం

పడవ దొరికింది. నేను చెప్పిన చోటుకి దగ్గర్లోనే. నీళ్ళకు సమానంగా మునిగి, గది కప్పు మాత్రం పైకి కనిపిస్తూ.

కప్పు మీద ఒక్క మనిషే ఉన్నాడు.

ఒక్కడే అని చెప్పి, ఎవరో చెప్పడానికి కమాండర్ ఎంతసేపు తీసుకున్నాడో.

మేస్త్రీ. అన్నయ్య కాదు.

శుక్రవారం, మధ్యాహ్నం

రాయకపోతే ఆలోచించలేను. రాస్తాను.

మేస్త్రీతో ఫోనులో మాట్లాడించారు. గొంతు బొంగురుపోయింది. "అమ్మా, నేను వద్దన్నాను. వినలేదు" అని మొదలుపెట్టాడు.

"నెమ్మదిగా చెప్పు. ఏం జరిగింది?"

"పడవ మునిగేలా ఉందని గాలి తెప్పని ఊది పక్కన కట్టుకున్నామమ్మా. మంగళవారం తెల్లారి పెద్ద విసురొచ్చింది. తెప్ప ఎగిరెగిరి పడుతుంటే, కట్టు సరిచేసొస్తానని ఆయన అందులోకి దిగారు. తాడు తెగిపోయింది. చూస్తూ ఉండగానే... అది బూరలాగా పోయిందమ్మా నీళ్ళ మీద. ఆయన నాకేసి చెయ్యి ఊపారు. కంగారు పడొద్దని ఊపారు."

"ఎటు పోయింది?"

"గాలి ఎటుంటే అటు."

దక్షిణానికి.

మంగళవారం నుంచీ అన్నయ్య దక్షిణానికి పోతుంటే, దక్షిణాన వెతుకుతున్న విమానాలను పట్టుబట్టి ఉత్తరానికి తిప్పించింది నేను.

వదినకు నేనే చెప్పాను. ఆఫీసు వరండాలో. చెప్పడం అయ్యాక ఆవిడ చెంపదెబ్బ కొడుతుందనుకున్నాను, కొడితే బావుండునని కూడా. ఆవిడ నా భుజాలు పట్టుకుని కుదిపింది.

"మేస్త్రీ బతికాడా లేదా?"

"బతికాడు."

"నువ్వు తిప్పించబట్టే కదా?"

"అవును, కానీ..."

"కానీలు తర్వాత. తెప్ప ఎటు పోతుందో లెక్క వెయ్యగలవా లేదా? అది చెప్పు."

"వేస్తాను."

"బహుశానా?"

"వేస్తాను వదినా."

లోపలికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగలేదు. లెక్కలాయన నా కుర్చీలోంచి లేచి పక్కకు జరిగాడు. పెద్దసారు చూశారు. "రూలు నేను చూసుకుంటాను. మీరిద్దరూ కూర్చోండి" అన్నారు.

తెప్ప పడవ లాంటిది కాదు. ఖాళీ డబ్బాలా పైన తేలుతుంది, సగం ఒళ్ళు గాలికే. దాన్ని గాలి లెక్కలో వెయ్యాలి. "అయితే మ్యాప్ మీద నేను గీసిన దక్షిణం గడిలోనే ఉండాలి కదా మేడమ్? అక్కడ మూడు రోజులు గాలించారు. దొరకలేదే?" అన్నాడు లెక్కలాయన. గొంతులో ఆశ లేదు.

ఇద్దరం ఒకేసారి మ్యాప్ మీదికి వంగాం. అతని వేలు, నా వేలు ఒకే చోట ఆగాయి. అతని లెక్క మొదలైంది ఆదివారం చివరి కబురు వచ్చిన చోటి నుంచి. తాడు తెగింది మంగళవారం. ఆ లోపల పడవ, దానికి కట్టిన తెప్ప, రెండూ ప్రవాహంతో ఉత్తరానికి జరిగాయి. తెప్ప దక్షిణ ప్రయాణం మొదలుపెట్టింది అక్కణ్ణుంచి. అంటే విమానాలు వెతికిన గడికి పైన, పడవ దొరికిన చోటుకి కింద. ఎవరూ తొంగిచూడని నీళ్ళలో.

"ముందు మీ ఉత్తరం, తర్వాత నా దక్షిణం" అన్నాడు.

"తర్వాత మళ్ళీ ఉత్తరం. నిన్న గాలి పడిపోయింది కదా."

గాలికి తేలిపోయే వస్తువు ఈ నాలుగు రోజుల్లో ఎలా నడిచిందో చెప్పడానికి మా దగ్గర ఒకే సాక్షి ఉంది. లాగు లేని ఆ బోయా. మొన్నటిదాకా అబద్ధాలకోరని దాన్ని తిట్టాను. దాని అడుగులన్నీ, మంగళవారం తెల్లారినప్పటి నుంచి, తీసి, తాడు తెగిన చోట పెట్టి చూశాం. తెప్ప ఇంకా పైకి తేలుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ దూరం పోయి ఉంటుంది. ఎంత ఎక్కువో నాకూ తెలీదు, అతనికీ తెలీదు. నేను కొంత అన్నాను, అతను కొంత అన్నాడు. ఎవరి మాట నెగ్గాలా అని వాదించుకోలేదు. రెండూ పట్టేలా గడిని పెద్దది చేశాం.

సాయంత్రం లోపల కమాండర్‌కి ఇచ్చాం. అటుగా పోయే ఓడలన్నిటికీ కూడా చూస్తూ పొమ్మని కబురు పెట్టారు.

శనివారం

లేదు.

ఆదివారం, పొద్దున

లేదు. గడిలో సగమే అయింది. మిగతా సగం ఉంది. మిగతా సగం ఉంది.

తెప్పలో తాగే నీళ్ళ పొట్లాలుంటాయి. ఉంచాడా, లేక కిందటిసారి ఎవరికైనా దానం చేశాడా? అన్నయ్య చేస్తాడు. వదిన అడక్కుండానే చెప్పింది: "ఉన్నాయి. నేనే పెట్టా. వాణ్ణి నమ్మి ఏదీ వదలను."

ఆదివారం, సాయంత్రం

ఉన్నాడు.

ఉన్నాడు.

గడిలో కాదు, గడి పై అంచుకి కాస్త అవతల. మేమింకా పెద్దది చేసి ఉండాల్సింది. కబురు విని చూస్తూ పోతున్న ఒక సరుకు ఓడ వాళ్ళకి నారింజ రంగు చుక్క కనబడిందట. ఒళ్ళంతా కాలి బొబ్బలెక్కి, పెదాలు పగిలి, కూర్చునే ఉన్నాడట.

ఓడ నుంచి ఫోను కలిపారు. వదినే ఎత్తింది. నేను స్పీకరు పెట్టాను.

"నేనే" అన్నాడు అన్నయ్య. గొంతు గుర్తుపట్టలేనట్టుగా ఉంది.

"నువ్వు కాకపోతే ఇంకెవరు? తాడు సరిచేస్తావా నువ్వు? షర్టు గుండీ పెట్టుకోవడం రాదు గానీ తాడు సరిచేస్తాడంట!" వదిన అరిచింది. తర్వాత ఫోను నాకిచ్చి, మొహం నా భుజానికి ఆనించింది.

"ఏం నీళ్ళ పంతులమ్మా, మేస్త్రీ ఎలా ఉన్నాడు?"

"బావున్నాడు. నీ పడవ ఉత్తరానికి పోయింది, నువ్వు దక్షిణానికి పోయావు. ఇద్దరికీ వేరే వేరే లెక్కలు వెయ్యాల్సొచ్చింది."

"రెండు రోజులు దక్షిణానికి పోయా. తర్వాత గాలి ఆగింది. అప్పుడు నీళ్ళు నన్ను పట్టుకుని వెనక్కి లాక్కెళ్తున్నట్టు అనిపించింది. ఎండకి మతి పోయిందనుకున్నా."

"మతి పోలేదు."

"పోలేదా? సరే అయితే." పక్కన ఎవరో ఏదో చెబుతుంటే విని, మళ్ళీ అందుకున్నాడు. "చెల్లీ, ఈ ఓడ వెనక్కి తిరగదట. అవతలి తీరానికి పోతోంది. పెద్ద ప్రవాహం పట్టుకుని పోతే డీజిల్ మిగులుతుందట వాళ్ళకి. మూడు వారాలు."

వదిన ఫోను లాక్కుంది. "మూడు వారాలు ఎవరి బట్టలు కట్టుకుంటావు?"

"వంటవాడివి ఇచ్చారు. ఇద్దరు పట్టేంత ఉన్నాయి."

వదిన నవ్వింది. ఆ నవ్వు ఏడుపయ్యేదాకా నవ్వింది.

సోమవారం

లెక్కలాయన తన లెక్కా నా లెక్కా పక్కపక్కనే పెట్టి పెద్దసారుకి రిపోర్టు ఇచ్చాడు. తన తప్పు ముందు రాశాడు. గడి చిన్నదైందన్న నా తప్పు రాయలేదు. నేను చేర్చాను. ఒకవేళ శుక్రవారం మేస్త్రీ ఫోనులోకి రాకపోయి ఉంటే? తెప్ప ఊసే మాకు తెలిసేది కాదు. మేమెవరమూ అడగలేదు. ఆదివారం నుంచి ఒక్కరికి కూడా తట్టలేదు, పడవ ఒకటే కాకుండా దానికి ఇంకేమైనా ఉందా అని. నాకూ తట్టలేదు. చెల్లెలిని కాబట్టి తట్టాలి కదా, ఆ తెప్ప కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ఇది బహుశా అని రాయను. ఇది ఖాయం.

గురువారం

నా బల్ల నాకిచ్చేశారు. మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో ఆవిడ, ఏడుపులో మాటలు తెగిపోతున్నాయి. వాళ్ళాయనది చిన్న మరపడవ, చేపల వేటకి పోయింది, నిన్న రావాల్సింది. చోటు చెప్పింది. చివరిసారి మాట్లాడిన వేళ చెప్పింది. ఇంకా ఏం చెప్పాలో తెలీక ఆగిపోయింది.

"అమ్మా, పడవ బరువుగా ఉందా, తేలిగ్గా ఉందా? అంచు దాకా నీళ్ళలో దిగి నడుస్తుందా?"

"ఐసు నిండా వేసుకుపోయారండీ. బరువే."

"సరే. పడవలో గాలి తెప్ప గానీ, థర్మాకోల్ పెట్టె గానీ, మనిషి పట్టుకుని తేలేది ఏదైనా ఉందా?"

ఆవిడ ఏడుపు ఆగింది. ఆలోచిస్తోంది. "ఉందండీ. మా చిన్నోడు ఆడుకునే రబ్బరు పడవ. వెనకాల కట్టుకుని పోతారు."

"కట్టు గట్టిదేనా?"

"తెలీదండీ."

"ఫరవాలేదు. ఫోను పెట్టకండి, ఇక్కడే ఉండండి."

రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని లెక్కలాయన వైపు రెండు వేళ్ళు చూపించాను. అతను అడగకుండానే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పడవకి నీటి లెక్క నేను మొదలుపెట్టాను. రబ్బరు పడవకి గాలి లెక్క అతను మొదలుపెట్టాడు.